డ్రయ్యర్ బ్లోయర్ ఫ్యాన్ మార్చుకోవడం: విప్పే ముందు చూడాల్సినవి, బిగించేటప్పుడు తప్పు జరిగే చోట్లు

డ్రమ్ము తిరుగుతోంది, లోపల చెయ్యి పెడితే వేడి తగులుతోంది, అయినా గంటన్నర తర్వాత జీన్స్ నడుము పట్టీ దగ్గర తడి అలాగే ఉంది. లేదా ఆన్ చేసిన క్షణం నుంచి అడుగున గరగరమని చప్పుడు, ఖాళీ డ్రమ్ముతో నడిపినా అదే చప్పుడు. రెండింటికీ బ్లోయర్ ఫ్యాన్ కారణం కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఫ్యాన్ మార్చడం మధ్యాహ్నం పూట మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయే పనే. కానీ ఫ్యాన్ ఊరికే పాడవదు. ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది తగిలిస్తే అది కూడా అదే దారి పడుతుంది.

ఇక్కడ చెబుతున్నది అమెరికా, కెనడా ఇళ్లలో మామూలుగా ఉండే వెంటెడ్ డ్రయ్యర్ గురించి. 240 వోల్టుల కరెంటు, 30 ఆంపియర్ల బ్రేకర్, వెనక నుంచి 4 అంగుళాల గొట్టం గోడ దాటి బయటికి వెళ్లే రకం. లింట్ ఫిల్టర్, అంటే బట్టల నూగును పట్టే జాలీ, తలుపు అంచులో ఉండే డిజైన్‌ను పట్టుకుని దశలు రాశాం. ఫిల్టర్ పై మూతలో ఉండే వాటికీ, యూరప్‌లో వాడే కండెన్సర్ రకాలకూ తేడా ఎక్కడొస్తుందో చివర్లో ఉంది. అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు మాత్రం స్క్రూ ముట్టుకోకుండా మెయింటెనెన్స్‌కి ఫోన్ చేయండి. యంత్రం వాళ్లది, బాగుచేయించే బాధ్యతా వాళ్లదే. వారంటీ మిగిలి ఉన్న యంత్రానికి కూడా ఇదే మాట.

ఫ్యాన్ ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది

ఈ డ్రయ్యర్లలో మోటారు ఒక్కటే. దాని షాఫ్ట్ ఒక కొసన చిన్న పుల్లీ ఉంటుంది, అది బెల్టుతో డ్రమ్మును తిప్పుతుంది. రెండో కొసన బ్లోయర్ ఫ్యాన్ ఉంటుంది. మోటారు నిమిషానికి సుమారు 1,725 చుట్లు తిరిగితే డ్రమ్ము 50 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ఫ్యాన్ మాత్రం మోటారు వేగంతోనే తిరుగుతుంది. చప్పుడు ఎక్కడిదో కనిపెట్టడానికి ఈ తేడా పనికొస్తుంది.

ఫ్యాన్ డ్రమ్ములోకి గాలి ఊదుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి లాగుతుంది. గదిలోని గాలి హీటర్ మీదుగా డ్రమ్ములోకి వచ్చి, బట్టల తేమ పట్టుకుని, లింట్ ఫిల్టర్ దాటి ఫ్యాన్‌లోకి, అక్కడి నుంచి గొట్టంలోకి పోతుంది. అంటే ఫిల్టర్ సందులోంచి జారిన ప్రతిదీ నేరుగా ఫ్యాన్ రెక్కల మీదికే వెళ్తుంది. చిల్లర, హెయిర్ పిన్నులు, బ్రా లోపలి తీగ, పిల్లల సాక్సు, జాకెట్టుకు మరిచిపోయిన పిన్నీసు, లెహంగా నుంచి రాలిన చమ్కీలు, పూసలు అన్నీ ఇందులో దొరికేవే.

ఫ్యాన్ చూడ్డానికి కిచెన్ చిమ్నీలో ఉండే బ్లోయర్ చక్రంలాగే ఉంటుంది. చుట్టూ సన్నటి రెక్కలు, మధ్యలో షాఫ్టును పట్టుకునే హబ్బు. మొత్తం ప్లాస్టిక్కే. మెటల్ షాఫ్ట్ మీద ప్లాస్టిక్ హబ్బు ఏళ్ల తరబడి వేడిలో తిరుగుతుంది కాబట్టి ముందు పోయేది ఎక్కువగా ఆ హబ్బే.

తప్పు ఫ్యాన్‌దేనా?

ముందు ఇంటి బయటికి వెళ్లి, గొట్టం గోడలోంచి బయటికొచ్చే చోట మూత చూడండి. డ్రయ్యర్ నడుస్తున్నప్పుడు రేకలు పూర్తిగా తెరుచుకుని, చేతికి గాలి గట్టిగా తగలాలి. తగలకపోతే డ్రయ్యర్‌ను ముందుకు జరిపి, వెనక గొట్టం క్లాంపు వదులు చేసి ఊడదీయండి. వేడి లేని సైకిల్, అంటే ఎయిర్ ఫ్లఫ్ మీద ఒక నిమిషం నడపండి. అంతకంటే ఎక్కువ వద్దు, గదంతా నూగు ఎగురుతుంది. గ్యాస్ డ్రయ్యర్‌నైతే గొట్టం ఊడదీసి వేడి సైకిల్ మీద అసలు నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది.

యంత్రం వెనక నోటి దగ్గర గాలి జోరుగా ఉండి బయట బలహీనంగా ఉంటే తప్పు గొట్టానిది. ఫ్యాన్ మార్చినా ఏమీ మారదు. వెనక నోటి దగ్గరే గాలి లేకపోతే ఇంకా లోపలికి వెళ్లాలి.

తర్వాత లింట్ ఫిల్టర్. సింకులో దాని మీద నీళ్లు పోయండి. నీళ్లు జాలీలోంచి దిగకుండా పైనే నిలిస్తే, బట్టలు మెత్తబడడానికి వేసే డ్రయ్యర్ షీట్ల మైనపు పొర జాలీని మూసేసిందన్న మాట. కళ్లకు శుభ్రంగానే కనిపిస్తుంది, అందుకే దీన్ని ఎవరూ అనుమానించరు. గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఫ్యాన్ పోయిందని పిలిచిన కేసుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

ఇక చప్పుడు. డ్రమ్ము తిరిగే లయలో సెకనుకి ఒకసారి పడే దడ్, దడ్ చప్పుడు డ్రమ్ము వెనక రోలర్లది కావచ్చు. కీచుమని సన్నగా కోస్తున్నట్టుంటే బెల్టును బిగువుగా ఉంచే ఐడ్లర్ పుల్లీ అరిగింది. ఎడతెగకుండా గరగర, లేదా మోటారు ఆగేటప్పుడు చివరి రెండు మూడు సెకన్లలో ఇంకా స్పష్టంగా టకటకటక అని వినిపిస్తే అది ఫ్యాన్. మోటారు వేగం తగ్గుతున్నప్పుడు వదులైన హబ్బు షాఫ్ట్ మీద ఊగుతుంది, అందుకే ఆగేటప్పుడు చెవి పెట్టి వినమంటున్నాం.

ప్లగ్గు పీకి, ఫిల్టర్ తీసేసి, ఆ సందులోంచి టార్చి వేసి చూడండి. కొన్ని మోడళ్లలో ఫ్యాన్ రెక్కలు కొంత కనిపిస్తాయి. పొడవాటి చెక్క గరిటె కాడతో రెక్కలను మెల్లగా తిప్పండి. మోటారు ఆగి ఉండగా ఫ్యాన్ ఏ నిరోధమూ లేకుండా గిర్రున తిరిగిందంటే హబ్బు షాఫ్టును వదిలేసింది. బాగున్న ఫ్యాన్ తిరిగితే దాంతోపాటు మోటారు, బెల్టు, డ్రమ్ము బరువు కూడా చేతికి తెలుస్తుంది.

పార్టు తెప్పించడం

తలుపు తెరిస్తే అంచు మీద స్టిక్కర్ ఉంటుంది. మోడల్ నంబరు చివర ఉండే అంకెలతో సహా మొత్తం రాసుకోండి. చివరి రెండు అంకెలు మారితే పార్టు మారే మోడళ్లు ఉన్నాయి. ఫ్యాన్‌తో పాటు లాక్ రింగు, క్లాంపు కూడా వచ్చే కిట్ దొరికితే అదే తీసుకోండి, పాతవి తీసేటప్పుడు వంగిపోతాయి. చవక నకళ్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. హబ్బు రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా ఫ్యాన్ మళ్లీ వదులవుతుంది, మళ్లీ మొత్తం విప్పాలి.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, 1/4 అంగుళం, 5/16 అంగుళం నట్ డ్రైవర్లు, పుట్టీ బ్లేడు, కటింగ్ ప్లేయర్, లాక్ రింగులు తీసే ప్లేయర్, ఒక అడ్జస్టబుల్ పానా, గ్రిప్ ప్లేయర్, మల్టీమీటర్, సన్న నోరున్న వ్యాక్యూమ్ క్లీనర్. చేతులకు మందమైన గ్లౌజులు తప్పనిసరి. డ్రయ్యర్ లోపలి రేకు అంచులకు నునుపు పెట్టరు, బ్లేడులా కోస్తాయి.

కరెంటు, గ్యాస్, చోటు

యంత్రం స్విచ్ ఆపితే చాలదు. 240 వోల్టుల్లో కరెంటు మోసే తీగలు రెండుంటాయి, స్విచ్ ఆపినా ఒక వైపు కరెంటు లోపల ఉండిపోవచ్చు. ప్లగ్గు పీకి, బ్రేకర్ కూడా ఆపండి. గ్యాస్ డ్రయ్యర్‌కు గోడ దగ్గరి వాల్వు కట్టేయండి. పైపు లాగకుండా జరిపేంత చోటు లేకపోతే గ్యాస్ పైపు విప్పించడానికి లైసెన్సున్న మనిషిని పిలవండి. మళ్లీ తగిలించాక జాయింట్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

డ్రయ్యర్ బరువు సుమారు 50 కిలోలు ఉంటుంది. ఇద్దరుంటే నేలకు గీతలు పడవు, నడుమూ పట్టదు. ముందు వైపు కనీసం ఒక మీటరు ఖాళీ ఉంచి, కింద పాత దుప్పటో, పెట్టె అట్టో పరవండి. ప్రతి వైరు ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. స్క్రూలను ఏ దశలో తీశారో ఆ దశ పేరు రాసిన చిన్న గిన్నెల్లో వేయండి. రకరకాల పొడవుల స్క్రూలుంటాయి. పొడవు స్క్రూ తప్పు రంధ్రంలోకి పోతే డ్రమ్ముకు గీసుకుంటుంది.

విప్పడం

పై మూతను ముందు అంచు దగ్గర, రెండు మూలల నుంచి రెండు మూడు అంగుళాలు లోపలికి, పుట్టీ బ్లేడు దూర్చి నొక్కండి. లోపలి స్ప్రింగు క్లిప్పు టక్కుమని వదులుతుంది. రెండూ వదిలాక మూత కారు బానెట్ తెరిచినట్టు పైకి లేస్తుంది. గోడకు ఆనించండి. కంట్రోళ్లు ముందు వైపు ఉన్న మోడళ్లలో మాత్రం మూత వెనక స్క్రూలు తీసి వెనక్కి జరపాలి, తర్వాత కంట్రోల్ ప్యానెల్ విప్పాలి.

మూత లేచాక ముందు ప్యానెల్ పై మూలల్లో లోపలి నుంచి రెండు స్క్రూలు కనిపిస్తాయి. అవి తీసేముందు డోర్ స్విచ్ వైరు కనెక్టర్ ఊడదీయండి. ఫిల్టర్ కింద రెండు సన్నటి స్టీలు పట్టీలుంటే అవి తేమ సెన్సార్లు, వాటి కనెక్టర్ కూడా తీయాలి. ప్యానెల్‌ను కొంచెం పైకెత్తితే అడుగు క్లిప్పుల నుంచి ఊడొస్తుంది. దాని వెనక డ్రమ్ము ముందు భాగాన్ని మోసే గోడ ఉంటుంది. దాన్ని పట్టిన స్క్రూలు తీసే ముందు డ్రమ్ము కింద చెక్క ముక్క పెట్టండి, లేకపోతే ఒక్కసారిగా కిందికి జారి వెనక సీలు చిరుగుతుంది.

ఇప్పుడు డ్రమ్ము కింద చెయ్యి పోనిచ్చి, ఐడ్లర్ పుల్లీని నొక్కితే బెల్టు వదులవుతుంది. మోటారు పుల్లీ నుంచి తప్పించేయండి. బెల్టు దారిని ఫొటో తీయడం మరిచిపోతే మళ్లీ ఎక్కించేటప్పుడు ఏడిపిస్తుంది. బెల్టుతోనే డ్రమ్మును పట్టి ముందుకు ఎత్తి బయటకు తీయండి.

డ్రమ్ము పోయాక యంత్రం అడుగు మొత్తం కనిపిస్తుంది. మామూలుగా మోటారు చుట్టూ నూగు మందంగా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ తాకక ముందే వ్యాక్యూమ్ పెట్టి తీసేయండి. హీటర్ దగ్గర గోధుమ రంగుకు మారిన నూగు కనిపిస్తే అది మాడుతున్న నూగు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్క ప్రకారం 2008 నుంచి 2010 వరకు ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రయ్యర్ మంటలు రేగాయి. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే, 34 శాతం.

ఫ్యాన్ ఊడదీయడం

బ్లోయర్ మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, నాలుగు నుంచి ఎనిమిది స్క్రూలు. అన్నీ తీశాక కూడా కదలకపోతే నూగు కింద దాక్కున్న స్క్రూ ఇంకొకటి ఉంది. బలవంతంగా లాగితే మూత చిట్లుతుంది. మూత మీదో, పక్కనో వైర్లు తగిలించిన చిన్న బిళ్లలు కనిపిస్తాయి, అవి థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజ్. వైర్లను కాదు, టెర్మినల్‌ను పట్టుకుని లాగండి.

ఇక్కడ ఆగి ఫ్యాన్‌ను ఉన్నచోటే పరీక్షించండి. రెక్కల మధ్య నూగు బూడిద రంగు ఒత్తిన ఉన్ని గుడ్డలా గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఒక వైపే పట్టి ఉంటే ఫ్యాన్ బరువు ఒక పక్కకు ఒరిగి ఊగుతుంది, అదే గరగర. శుభ్రం చేశాక ఊగు పోయి, రెక్కలు, హబ్బు బాగుంటే కొత్త ఫ్యాన్ అక్కర్లేదు. షాఫ్ట్ చుట్టూ నల్లటి ప్లాస్టిక్ పొడి రాలి ఉంటే మాత్రం హబ్బు అరిగింది. రెక్కలను రెండు చేతులతో పట్టి ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. షాఫ్ట్ కదలకుండా ఫ్యాన్ ఏ కొంచెం కదిలినా మార్చాల్సిందే. జిగురు, ఎపాక్సీ, టేపు చుట్టి బిగించడం లాంటి చిట్కాలు ఆ వేడికీ, ఆ వేగానికీ నిలవవు.

ఫ్యాన్ షాఫ్టుకు రెండు పద్ధతుల్లో పట్టి ఉంటుంది. ఏదో తెలియకుండా తిప్పడం మొదలుపెట్టొద్దు.

మొదటిది, డి అక్షరం ఆకారపు రంధ్రం. షాఫ్ట్ ఒక వైపు చదునుగా ఉంటుంది, హబ్బు దాని మీదికి జారుతుంది. కొసన లాక్ రింగు, హబ్బు చుట్టూ స్ప్రింగు క్లాంపు. ప్లేయర్‌తో క్లాంపు చెవులు నొక్కి తీసి, లాక్ రింగును విడదీసి, ఫ్యాన్‌ను నేరుగా లాగితే వచ్చేస్తుంది. రింగు ఎగిరి ఎక్కడో పడుతుంది, మీద గుడ్డ కప్పి తీయండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

రెండోది, మర. హబ్బులోనే మర ఉంటుంది, లేదా కొసన నట్టు ఉంటుంది. చాలా యంత్రాల్లో ఇది ఎదురు మర. మామూలు నట్టులా విప్పబోయి ఇంకా బిగించేసి, హబ్బు పగలగొట్టిన తర్వాత తెలుసుకునేవాళ్లే ఎక్కువ. ఒకే వైపు తిరిగే మోటారుకు పనికొచ్చే సూత్రం ఇది: నడుస్తున్నప్పుడు తనంతట తాను బిగుసుకునేలా మర పెడతారు. కాబట్టి షాఫ్టును కదలకుండా పట్టుకుని, ఫ్యాన్ నడిచేటప్పుడు ఎటు తిరుగుతుందో అటే తిప్పితే ఊడుతుంది. ఎటు తిరుగుతుందో తెలియాలంటే బ్లోయర్ గూడును చూడండి. ఫ్యాన్‌కూ గూడు గోడకూ మధ్య ఖాళీ ఒకచోట ఇరుకుగా మొదలై, క్రమంగా వెడల్పవుతూ గాలి బయటికి పోయే నోటికి చేరుతుంది. ఆ ఖాళీ పెరిగే దిశే ఫ్యాన్ తిరిగే దిశ. చాలా యంత్రాల్లో కంట్రోల్ ప్యానెల్ వెనకో, ముందు ప్యానెల్ లోపలో మడిచి పెట్టిన టెక్ షీట్ (మెకానిక్ కోసం ఉంచే వివరాల కాగితం) కూడా ఉంటుంది, అందులో రాసి ఉంటే ఇంకా మేలు.

షాఫ్టును పట్టుకోవడానికి మోటారు రెండో వైపుకు వెళ్లాలి. పుల్లీ దగ్గర షాఫ్ట్ చదును భాగానికి పానా పెట్టండి. లేనివాటిలో పుల్లీకి మందపాటి గుడ్డ చుట్టి గ్రిప్ ప్లేయర్‌తో పట్టండి, పుల్లీ గాళ్లు చెడితే బెల్టు తింటుంది. మోటారు గాలి రంధ్రాల్లోకి స్క్రూడ్రైవర్ దూర్చి ఆపే పని చేయొద్దు. లోపల స్టార్టింగ్ స్విచ్ ఉంటుంది, అది వంగితే మోటారే మార్చాలి.

మొండికేస్తే హబ్బు, షాఫ్ట్ కలిసే చోట తుప్పు వదిలించే నూనె ఒకటి రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి, తర్వాత తుడిచేయండి. అప్పటికీ రాకపోతే ఎలాగూ పారేసే ఫ్యానే కాబట్టి కటింగ్ ప్లేయర్‌తో హబ్బును ముక్కలుగా కొరికి తీసేయండి. సుత్తితో షాఫ్టును కొట్టడం మాత్రం వద్దే వద్దు. ఫ్యాన్ వస్తుంది, దాంతోపాటు మోటారు బుష్‌లు (షాఫ్టును మోసే బేరింగులు) కూడా పోతాయి.

కొత్తది తగిలించే ముందు

ఖాళీ షాఫ్టును వేలితో తడమండి. డి ఆకారపు చదును అంచులు పదునుగా ఉండాలి. గుండ్రంగా అరిగి ఉంటే కొత్త హబ్బును కూడా అది తినేస్తుంది. మర ఉన్న షాఫ్ట్ అయితే మర పళ్లు నలిగాయేమో చూడాలి. షాఫ్టును పక్కలకు ఊపి చూడండి. చేతికి ఊగుడు తెలిసిందంటే మోటారు బుష్‌లు అరిగాయి, ఫ్యాన్ గూడుకు రాసుకుంటూనే ఉంటుంది. ఈ రెండింట్లో ఏదున్నా ఫ్యాన్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ, మోటారు కూడా తెప్పించాలి.

గూడు అడుగున చిల్లర, పిన్నులు ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి. ఫిల్టర్ కింద ఉండే గొట్టాన్ని రెండు వైపుల నుంచీ వ్యాక్యూమ్ చేయండి. ఫిల్టర్ గూడు అంచున ఉండే ఫెల్టు సీలు ఊడిపోయి ఉంటే నూగు పక్క నుంచి ఫ్యాన్‌లోకి పోతుంది. చిన్న సీలు, కానీ ఫ్యాన్ మళ్లీ మూసుకుపోవడానికి అదే దారి.

థర్మల్ ఫ్యూజ్‌ను ఇప్పుడే చూసేయడం మంచిది. వైర్లు తీసి మల్టీమీటర్‌ను కంటిన్యూటీ మీద పెడితే బీప్ రావాలి. రాకపోతే ఫ్యూజ్ ఎగిరింది. వర్ల్‌పూల్ తరహా యంత్రాల్లో చాలావాటిలో ఇది 196 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 91 సెల్సియస్ దగ్గర శాశ్వతంగా తెగిపోతుంది. ఫ్యాన్ జారిపోయి గాలి ఆగినప్పుడు తెగడం దాని ధర్మం. దాన్ని వైరుతో షార్ట్ చేసి నడపడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. అదే నంబరు పార్టు వేయండి.

ఐడ్లర్, రోలర్లు, బెల్టు కూడా ఇప్పుడు చేతికి అందే దూరంలోనే ఉన్నాయి. బెల్టు అంచులు పోగులు పోగులుగా లేచినా, వెనక వైపు పగుళ్లు కనిపించినా ఇప్పుడే మార్చండి. లేకపోతే మళ్లీ ఇంత విప్పాలి.

బిగించడం

డి ఆకారపు ఫ్యాన్‌ను షాఫ్ట్ చదునుకు సరిగ్గా కలిపి, చేతి ఒత్తిడితోనే చివరి దాకా నెట్టండి. కొట్టి ఎక్కించాల్సి వస్తే పార్టు తప్పు. లాక్ రింగు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో గోటితో తడిమి చూడండి, ఒక చోట బయటికి ఉన్నా ఊడి ఫ్యాన్‌లోనే పడుతుంది. తర్వాత క్లాంపు. మర ఉన్న ఫ్యాన్‌ను మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి, అడ్డంగా ఎక్కితే వెంటనే తెలుస్తుంది. చివర్లో బిగువుగా ఒక్క పట్టు చాలు. నడిచేకొద్దీ అదే బిగుస్తుంది, ప్లాస్టిక్ మీద పానాతో బలం చూపిస్తే హబ్బుకు పగులొస్తుంది.

మూత పెట్టకముందే ఫ్యాన్‌ను చేత్తో పది చుట్లు తిప్పండి. ఎక్కడా గూడుకు తగలకూడదు. చుట్టూ ఖాళీ క్రమంగా మారుతూ ఉండాలి, ఒక రెక్క మాత్రమే రాసుకుంటే ఫ్యాన్ వంకరగా కూర్చుంది. మూత పెట్టి స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఒక మూలే పూర్తిగా బిగిస్తే మూత వంగి ఫ్యాన్‌కు తగులుతుంది.

డ్రమ్మును వెనక రోలర్ల మీద కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న ఫెల్టు సీలు లోపలికి మడత పడకుండా చూసుకోండి. బెల్టును గాళ్లున్న వైపు డ్రమ్ముకు ఆనేలా వేసి, పాత బెల్టు గుర్తు కనిపించే చోటే ఉంచండి. మోటారు పుల్లీకి కూడా గాళ్ల వైపే తగలాలి, ఐడ్లర్‌కు నున్నటి వైపు. ముందు గోడ బిగించాక డ్రమ్మును చేత్తో నాలుగు చుట్లు తిప్పితే బెల్టు తన దారిలోకి వచ్చేస్తుంది. డోర్ స్విచ్, తేమ సెన్సార్ కనెక్టర్లు తగిలించారా? స్విచ్ మరిచిపోతే యంత్రం కదలదు కాబట్టి తెలుస్తుంది. సెన్సార్ మరిచిపోతే యంత్రం నడుస్తుంది, ఆటో సైకిల్ మాత్రం తడి బట్టలతోనే ఆగిపోవడమో, ఆగకుండా నడవడమో చేస్తుంది. కొత్త ఫ్యానే పాడైందని పొరబడేది ఇక్కడే.

నడిపి చూడడం

బ్రేకర్ వేసి, ముందు వేడి లేకుండా, ఖాళీ డ్రమ్ముతో రెండు నిమిషాలు. ఆపి, ఆగే చప్పుడు వినండి. తర్వాత గొట్టం తగిలించి, తడి తువాళ్లు నాలుగైదు వేసి వేడి సైకిల్. బయట మూత రేకలు పూర్తిగా లేవాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే బయటి నోటి దగ్గర పెట్టండి. హై హీట్ మీద పది నిమిషాల తర్వాత 120 నుంచి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే సుమారు 50 నుంచి 70 సెల్సియస్ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే గాలి, వేడి రెండూ సరిగానే ఉన్నట్టు. వేడి వస్తూ పోతూ ఉండడం తప్పు కాదు, థర్మోస్టాట్ పనిచేసే తీరే అంత.

గాలి ఇంకా బలహీనంగానే ఉంటే గొట్టం దగ్గరికి రండి. తెల్ల ప్లాస్టిక్ గొట్టం ఉంటే ఈ రోజే పారేయండి. డ్రయ్యర్ నుంచి గోడ దాకా యూఎల్ (భద్రతా పరీక్షల సంస్థ) గుర్తున్న మెటల్ గొట్టం, 8 అడుగులకు మించకుండా, అతుకు లేకుండా ఒకే ముక్క. గోడలోపల నున్నటి రేకు గొట్టం, 4 అంగుళాలు. అమెరికా నివాస కోడ్ (ఇళ్ల నిర్మాణ నియమావళి) మొత్తం పొడవును 35 అడుగులకు పరిమితం చేస్తుంది. మామూలు 90 డిగ్రీల మలుపు ఒక్కోదానికి 5 అడుగులు, 45 డిగ్రీలదానికి రెండున్నర అడుగులు తగ్గించుకోవాలి. తయారీదారు మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అది పాటించవచ్చు. జాయింట్లలో లోపలికి పొడుచుకొచ్చిన స్క్రూలు నూగును పట్టి ఆపుతాయి. బయటి మూతకు పక్షులు రాకుండా దోమల జాలీ కట్టే అలవాటు కొందరికి ఉంది. కోడ్ దాన్ని ఒప్పుకోదు, నెల తిరిగేసరికి ఆ జాలీ నూగుతో మూసుకుపోతుంది.

వేరే రకం యంత్రమైతే

ఫిల్టర్ పై మూతలోంచి పైకి లాగే రకంలో ఫ్యాన్ వెనక వైపు ఉంటుంది. మూత తెరవాలంటే ముందు ఫిల్టర్ సందు దగ్గరున్న రెండు స్క్రూలు తీయాలి. ఫ్యాన్ దగ్గరికి వెనక రేకు విప్పి వెళ్లాలి. మరతో ఉన్న ఫ్యాన్ అయితే షాఫ్టును పట్టుకోవడానికి ముందు వైపు కూడా తెరవక తప్పదు.

బ్రిటన్, జర్మనీల్లో వాడే 230 వోల్టుల కండెన్సర్ డ్రయ్యర్లలో చాలావాటికి రెండు ఫ్యాన్లు. ఒకటి డ్రమ్ములోని తడి గాలిని తిప్పుతుంది, రెండోది కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. బట్టలు ఆరకుండా నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉంటే ముందు కండెన్సర్ కడిగి చూడండి, ఫ్యాన్ తర్వాత. ఈ యంత్రాల మోటారు మధ్యలో దిశ మార్చుకుంటుంది కాబట్టి పైన చెప్పిన మర సూత్రం వీటికి వర్తించదు. ఎటు తిప్పాలో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి.

హీట్ పంప్ డ్రయ్యర్ అయితే లోపల ఫ్రిజ్‌లో ఉన్నట్టే కంప్రెసర్, రాగి పైపులు ఉంటాయి. కొత్తవాటిలో చాలావరకు ఆర్-290 గ్యాస్, అంటే ప్రొపేన్, మండే గ్యాసు. ఫ్యాన్ విప్పేటప్పుడు ఆ పైపుల మీద చెయ్యి ఆనించి బలం పెట్టొద్దు. పైపు వంగినా, ఎక్కడైనా నూనె చెమ్మ కనిపించినా ప్లగ్గు తగిలించకుండా కిటికీలు తెరిచి, సర్వీస్ మనిషిని పిలవండి.